సగం చొక్కా మీది చివరి చరణం

నాకు ఇంగ్లీషు రాదు. మస్కట్‌ల ఇరవై ఏండ్లు పనిజేసి వచ్చినా యెస్, నో, టుమారో దాటి ముందుకు పోలే. అయినా ఒక ఇంగ్లీషు పాట ఎట్ల పుట్టిందో నాకు తెలిసినంత ఇంకెవ్వలికీ తెల్వదని గుండె మీద చెయ్యేసుకొని చెప్త. నవ్వొస్తే నవ్వుండ్రి. అది నవ్వించెటందుకు కట్టిన పాటనే. ఆ పాట చివరి చరణాన్ని ఈ చేతులతోనే ఖతం జేసిన, మళ్ళ ఈ చేతులతోనే లేపి కూసోపెట్టిన. మీరు ఏసీల కూసోని కంప్యూటర్ల మీద పనిజేసే పిల్లలు. పని బాగ వచ్చినోడు చేసే తప్పు ఒకటుంటది, పని రానోడు చేద్దామన్నా చెయ్యలేడు దాన్ని. అది నేను చేసిన. అందుకే ఈ ముచ్చట మీకు చెప్తున్న.

ఎనభైల ఆఖర్ల నేను మా నిజామాబాద్ దిక్కు నుంచి మస్కట్ పోయిన. వాడి కబీర్ అనే పేటల, వర్క్‌షాపుల వెనుక సందుల, ఒక లాండ్రీల డ్యూటీ. మా తాత, మా నాయిన, మా అమ్మ అందరూ ఊర్ల బట్టలు ఉతికినోళ్ళే. నేను గూడ అదే పనికి విమానమెక్కిన. కాని దార్సైట్‌ల మా రూమ్ ఉండె గద, అండ్ల మన దిక్కోళ్ళే ఏడుగురు, అందరూ బిల్డింగు సైట్లల్ల పనిచేసేటోళ్ళు. వాళ్ళకు నేను "కంపెనీల స్టోర్ పని" అని చెప్పుకున్న. అబద్ధమే. ఊర్ల అనిపించుకున్న మాటలు సముద్రం దాటినంక గూడ చెవుల్ల మోగుతుండె, ఇక్కడ గూడ అనిపించుకునుడు ఎందుకని. ఒంటికి సబ్బు వాసన వస్తుంటే "స్టోర్‌ల సబ్బులే ఎక్కువ" అంటుంటి.

లాండ్రీ మాత్రం నాకు పానం. పొద్దుగాల బాయిలర్ అంటుకున్నంక గంటసేపు లోపల ఏమీ కనపడకపోతుండె, అంత ఆవిరి. తెల్ల దుప్పట్లు తీగెల మీద వేలాడుతుంటే వాటి నడుమ నడిచేటోడు మొఖం లేకుండ, కాళ్ళు మాత్రమే ఉన్నట్టు అగుపడుతుండె. రేడియో ఎక్కడ మోగుతుందో తెల్వది, ఎవలు పాడుతున్నరో తెల్వది. ఎండకాలం బయట కొండలు కాలిపోతుంటే, నేను ఆ మబ్బుల నిలబడి ఊరికే కండ్లు మూసుకొని ఉందునా అనిపిస్తుండె. ఇప్పటికీ కలలల్ల నాకు మస్కట్ అంటే సముద్రం రాదు, ఆ ఆవిరే వస్తది.

కౌంటర్ మీద ఒక ముసలాయన ఉండె. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, అందరం చాచా అంటుంటిమి. నాలుగు భాషలు చదువుతడు, రాస్తడు. బట్టలు తీసుకునుడు, నంబర్ల చీటీలు కుట్టిచ్చుడు ఆయన పని. మొండి మరకలు తీసుడు నా పని. "మియా, నీ చేతుల జాదూ ఉంది" అంటుండె. ఆ మాటనే నన్ను ముంచింది.

ఇక్కడ గుర్తుల సంగతి జర చెప్పాలె. మా ఊర్ల ఒక్కొక్క ఇంటి బట్టకు ఒక్కొక్క గుర్తు. నల్లజీడి గింజకు సూది గుచ్చి, ఆ రసంతోని బట్ట లోపలి దిక్కు చుక్కో గీతో పెడ్తం. అది బట్ట చినిగేదాక పోదు. ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి తిరిగి పోవాలె గద, దానికోసం. మా సొంత బట్టలకు మాత్రం గుర్తు పెట్టం, ఎందుకంటే అవి ఎక్కడికీ పొయ్యేవి గావు. కాని నేను మస్కట్‌కు బయల్దేరేనాడు నా పెండ్లాం నా నాలుగు చొక్కాల మెడపట్టీల లోపల జీడితోని గుర్తు పెట్టి మడత పెట్టింది. మూడు చుక్కలు, కింద ఒక అడ్డగీత. "ఇంటి బట్టకు గుర్తెందుకే, పిచ్చిదానా?" అన్న. "ఉండనియ్" అని లోపలికి పోయింది. నేను గూడ మర్చిపోయిన.

మస్కట్‌ల జీడి లేదు, మార్కు పెన్నుండె. వేరే లాండ్రీల గుర్తులున్న బట్టలు మా దగ్గరికి మస్తు వస్తుండె. నాకొక పట్టుదల: పరాయి గుర్తు మీద మన గుర్తు పెట్టద్దు. ఎంగిలి పళ్ళెంల అన్నం పెట్టినట్టు అనిపిస్తుండె. పాత గుర్తు శుభ్రంగ తీసేసినంకనే మన నంబరు. ఎవ్వలు చెప్పలే నాకు, అడగనూ లేదు. నా అంతల నేనే చేస్తుంటి, చేసి మురుస్తుంటి.

ఇగ సాబ్ దగ్గరికొస్త. మస్కట్‌లనే ఖురం దిక్కు, రోడ్ల నక్షాలు గీసే కంపెనీల పెద్ద ఇంజినీరు. అంగ్రేజోడు. యాభై అయిదు దాటినయ్, పొడుగు మనిషి, సిగ్గుపడితే చెవులు ఎర్రగయ్యేవి. పెండ్లి చేసుకోలే. వారానికొకసారి ఆయనే స్వయంగ బట్టలు తెచ్చి, చాచాతోని అరబ్బీ, హిందీ కలిపి ముచ్చట పెట్టి పోతుండె. ఒకనాడు, బుధవారం, బట్టల మూటతోని పాటు ఒక వింత గుడ్డ తెచ్చిండు. చొక్కా ముందు భాగం మాత్రమే ఉంది. చేతుల్లేవు, వీపు లేదు. గుండీల పట్టీ, రొమ్ము భాగం, మెడకు కట్టుకునే నాడా. కోటు తొడిగితే లోపల మొత్తం చొక్కా ఉన్నట్టు అగుపడేటందుకట. ముసలిదయ్యి మెత్తగ, పసుపుపచ్చగ వేలాడుతుంది.

"ఏంది చాచా ఇది, సగం చొక్కా? మిగతా సగం ఎలుకలు తిన్నయా?" అన్న.

"అరె, ఆయన తాతది. విలాయత్‌ల నాటకాల స్టేజీ మీద నవ్వించే పాటలు పాడేటోడట. చెల్లె పార్సిల్ పంపింది. వచ్చే వారం గురువారం క్లబ్బుల జల్సా ఉంది, ఇది కట్టుకొని సాబ్ తాత పాట పాడుతడట. పాలలెక్క తెల్లగ, పలకలెక్క గట్టిగ కావాలంట."

దాన్ని నా బల్ల మీద తిప్పి చూసిన. లోపలి దిక్కు మెల్లమెల్లగ చెరిగిపోతున్న గోధుమరంగు గీతలు. ఒకటి రెండు గాదు, ఆరేడు వరుసలు. వంకర్లు, కొక్కేలు, అడ్డగీతలు. నాకు ఇంగ్లీషు అక్షరం వచ్చుంటే ఈ కథనే లేకుండు. నేననుకున్న గదా, 'వామ్మో, ఎంతమంది చాకలోళ్ళ చేతులు మారిందో, ఒక్కొక్కడు తన గుర్తు కొట్టుకుంట పోయిండు!' అని. జాలి గూడ పడ్డ.

గురువారం పొద్దుగాల బ్లీచు నీళ్ళల్ల పెట్టిన. గుడ్డ తెల్లగ వచ్చింది. గోధుమరంగు గీతలు పోయినయ్ గని, వాటి తావుల ఉన్నాయా లేవా అన్నంత సన్నటి పసుపు మిగిలింది. బ్లీచుకు లొంగకుండ పసుపు మిగిలిందంటే అది తుప్పు. తుప్పుకు వేరే మందుంటది, దానితోని ఆ కాస్త గూడ కడిగెయ్యొచ్చు. డబ్బా చూస్తే ఖాళీ. శుక్రవారం సెలవు. సరే, శనివారం కొత్త డబ్బా వస్తది, అప్పుడు చేస్త అని నీడకు ఆరేసి పోయిన. మందు డబ్బా నిండుగుంటే అదే రోజు కడిగేస్తుంటి. నా అదృష్టమంతా ఆ ఖాళీ డబ్బాల ఉండె.

శనివారం షట్టర్ లేపకముందే సాబ్ గడపల నిలబడ్డడు. చెవులు ఎర్రగ, చేతుల ఉత్తరం. చాచా తీసుకొని చదివిండు. చదువుకుంట చదువుకుంట గొంతు తగ్గించిండు. చెల్లె రాసిన ఉత్తరం అది, పార్సిల్ వచ్చిన మూడు రోజులకు చేరింది. 'అన్నా, ఆ గుడ్డ లోపలి దిక్కు చూసినవా? తాత చేతి రాత ఉంది. మన నాయిన చెప్పే ఆ రెండో ముగింపు అదేనేమో. నాకు కండ్లు సరిగ కనపడక చదవలే. నువ్వు చదివి నాకు రాయి' అని ఉందట.

నేను తీగె మీద ఆరుతున్న సగం చొక్కా దిక్కు చూసిన.

చాచా నా మొఖం చూసి సమజ్ చేసుకున్నడు. నన్ను ఆవిరి లోపలికి గుంజుకపోయి చెవుల చెప్పిండు: "నోరు మూసుకో. మిషన్ల పడి చినిగింది, పారేసినమని నేను చెప్త. ముసలి గుడ్డ, నమ్ముతడు. అర్బాబ్‌కు తెలిస్తే నీ వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తడు, తెల్సా?"

అర్బాబ్ అంటే మా యజమాని. ఆయన పంపిస్తడన్న భయం ఉండె, లేదనను. కాని ఇంకొకటి అంతకంటె ఎక్కువ మండింది. చినిగింది అంటే నా పని చెడ్డదని. నేను చినగొట్టలే! నా జన్మల ఒక బట్ట చినగొట్టలే. నేను పని బాగ చెయ్యబట్టే ఇట్లైంది. ఆ రోషమే నన్ను బయటికి నడిపిచ్చింది. సగం చొక్కా తెచ్చి సాబ్ ముందట పెట్టి, "సాబ్, నేనే తీసేసిన. పాత లాండ్రీ గుర్తులనుకున్న" అన్న. చాచా తల కొట్టుకుంట తర్జుమా చేసిండు.

సాబ్ ఒర్రలే, తిట్టలే. ఒర్రినా బాగుండు. గిరాకీలు కూసునే బెంచీ మీద కూలబడి, ఆ తెల్ల గుడ్డను తిప్పి తిప్పి చూసిండు. కొంచెంసేపైనంక, మాకు చెప్తున్నడో తనకు తనే చెప్పుకుంటున్నడో, ఆ పాట పాడుడు మొదలుపెట్టిండు. సన్నగ, లోపల లోపల. వెనుక బాయిలర్ బుస్సుమంటుంది, ఆవిరి కౌంటర్ దాక వచ్చి ఆయన మోకాళ్ళ చుట్టు తిరుగుతుంది. చాచా ఒక్కొక్క చరణం నాకు తెలుగుల చెప్తుండె.

పాట ఇది. ఒకనికి ఒక్కటే చొక్కా. లాండ్రీల పనిచేసే పిల్ల మీద మనసు పడ్డడు. ఊరికే పోతే తిడ్తదని వారం వారం చొక్కా ఖరాబు చేసుకొని పోతడు, అది ఉతికేదాక కోటు గుండీలు మెడదాక పెట్టుకొని వణుక్కుంట కూసుంటడు. మొదటి వారం మాంసం చారు ఒలకపోసుకుంటడు. ఆమె "వేన్నీళ్ళు పొయ్యకు, ఉడికి బిగుస్తది, చన్నీళ్ళే" అని తిడ్తది. రెండో వారం ఆవపిండి. "ఎండల పెట్టు, ఎండే తింటది" అంటది. మూడో వారం సిరా. "పాలల్ల నానబెట్టు" అంటది. నాలుగో వారం ఆమె గేటును ఆనుకొని ఎదురుచూసి తుప్పు అంటించుకుంటడు. "నిమ్మరసం, ఉప్పు" అంటది. ప్రతిసారి ఆమె "ఈ ఊర్ల నీ అంత మురికి మనిషి లేడు" అంటది, వాడు అదే ముద్దు అనుకొని ఇంటికి పోతడు. ఆఖరి చరణంల ఆ పిల్ల సబ్బులమ్మేటోణ్ణి పెండ్లి చేసుకుంటది. వీడు చొక్కా లేకుండ పెండ్లికి పోతడు. అందరు పక్కున నవ్వుతరు, పాట ఐపోతది. అచ్చుల వచ్చింది ఇదే. తాత ఊరూరా పాడింది గూడ ఇదే. కాని ఒకే ఒక్కసారి, ఏదో ఒక ఊర్ల, తాత వేరే ముగింపు పాడిండని ఇంట్ల చెప్పుకునేటోళ్ళట. ఏం పాడిండో ఇప్పుడు బతికున్నోళ్ళకు ఎవ్వలికీ తెల్వదు.

"సాబ్‌కు ఆ ముగింపు ఎందుకు గావాలె?" అని చాచాను అడిగిన.

చాచా అడగంగనే సాబ్ చెవులు మళ్ళ ఎర్రగైనయ్. క్లబ్బుల పియానో వాయించే మేడం ఒకామె ఉన్నదట, స్కూల్ల పాటలు నేర్పుతది. తొమ్మిదేండ్ల నుంచి ఆమె వాయిస్తది, ఈయన పాడుతడు. తొమ్మిదేండ్ల నుంచి అడుగుదామని అడగలే. ఈ ఏటి స్కూలు ఐపోతుంది, శుక్రవారం ఆమె విమానం. మళ్ళ వస్తదో రాదో ఆమెకే తెల్వదు. గురువారం ఈ పాట పాడి ఆఖరికి అడగాలని ఈయన ఆలోచన. "కాని పిల్ల సబ్బులోణ్ణి చేసుకున్నదని పాడి, అదే నోటితోని నన్ను చేసుకుంటవా అని ఎట్ల అడుగుత?" అన్నడట. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

అప్పుడు నా నోట్లెకెళ్ళి ఒక మాట వచ్చింది. "సాబ్, ఈ పాట కట్టినోనికి ఉతికే పని తెల్సు."

సాబ్ తలకాయ ఎత్తిండు.

"చారు మరక మీద వేన్నీళ్ళు పొయ్యద్దని మామూలు మనిషికి తెల్వదు. అందరు వేన్నీళ్ళే పోస్తరు. ఆవపిండిని ఎండే తింటదని, సిరాకు పాలని, తుప్పుకు నిమ్మకాయని, వరుస గూడ సరిగ్గుంది, ఒకదానికంటె ఒకటి మొండిది. మీ తాత లాండ్రీల పనిజేసిండా?"

సాబ్ నవ్విండు. తాత తన జేబురుమాలు గూడ ఎన్నడు ఉతుకలేదట. మరి నానమ్మ? నానమ్మ పెద్దింటి బిడ్డ, స్కూల్ల పంతులమ్మ అని ఇంట్ల చెప్పిన్రట.

తుప్పు అన్న మాట నా నోట్ల పడ్డంక ఇడిచిపెట్టలే. గుడ్డ గుంజుకొని కిటికీ కాడ వెలుతురుకు పెట్టి చూసిన. సన్నటి పసుపు ఇంకా ఉంది. తుప్పంటే ఇనుము. గుర్తు పెట్టే పెన్నుల ఇనుమెందుకుంటది? పాతకాలం సిరాల ఉంటుండె అని సాబే అన్నడు. ఇగ చూస్కో, నా ఒళ్ళు జల్లుమన్నది. ఎందుకంటే మా ఇండ్లల్ల చిన్నప్పటి నుంచి నేర్పే భయం ఒకటుంది: దానిమ్మ తొక్క తడి తగిలిన బట్టను ఇనుప తొట్టి మీద పెట్టకు. తొక్క రసం, ఇనుము కలిస్తే నల్లటి మరక లేస్తది, దానికి మందు లేదు. ఆ మరకను చూసి జీవితమంత పారిపోయిన. ఇప్పుడు అదే మరక కావాలె.

"చాచా, మత్రా సూక్ బజార్ల ఎండు దానిమ్మ తొక్క దొరుకుతదా?"

"కడుపునొప్పికి అమ్ముతరు. ఎందుకు, నీకు కడుపునొప్పా?"

"నాకు గాదు, చొక్కాకు."

సాబ్ కార్ల ముగ్గురం పోయినం. వేర్లు, సాంబ్రాణి, ఎండు నిమ్మకాయలు అమ్మే దుకాణంల ఒక సంచెడు తొక్కలు తెచ్చినం. మా కొండల దానిమ్మలే ఇవి, మంచివి అన్నడు దుకాణపాయన. లాండ్రీల అల్యూమినియం గిన్నెల ఉడకబెట్టి, రెండుసార్లు వడగట్టి, చల్లార్చిన. సగం చొక్కాను అద్దం పలక మీద పరిచిన. "బిస్మిల్లా అను" అన్నడు చాచా. అన్న. మా ఊరి దేవతను గూడ తలచుకున్న. అప్పుడు ఎవలు పలికినా ఫర్వాలేకుండె.

దూది ముంచి, పిండి, ఒక మూల ఒత్తిన. ఏమీ రాలే. గుడ్డ టీ నీళ్ళ రంగైంది. నేను లోపల లోపల లెక్కపెట్టుకుంట నిలబడ్డ. అటు ఇటు దుప్పట్లు ఊగుతున్నయ్, మధ్యాహ్నపు ఎండ ఆవిరి మీద పడి అంత తెల్లగైంది. ఆ తెలుపుల నా వేలు కింద ఒక కొక్కెం మెల్లగ లేచింది. బూడిదరంగు. ఇంకొకటి. ఆ తర్వాత ఒక గీత. నేను ఒత్తుకుంట పోతున్న, అవి లేసుకుంట వస్తున్నయ్, నిద్రపోయినోళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేసినట్టు. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. చదవరాని అక్షరాల కోసం ఏడ్చినోణ్ణి నేనొక్కణ్ణే కావచ్చు.

సాబ్, చాచా కలిసి చదివిన్రు. పైన తాత రాత, పెద్ద పెద్ద అక్షరాలు, పక్కకు వాలినయ్. 'ఇప్పుడు నా చొక్కా పాలలెక్క తెల్లగుంది. ఎంత వెతికినా మరక దొరుకుతలేదు. ఇంక ఏ ముఖం పెట్టుకొని నీ గడప తొక్కాలె?' దాని కింద ఒక వరుస రాసి కొట్టేసిండు, ఇంకోటి రాసి కొట్టేసిండు. ముగింపు దొరకలే ఆయనకు.

అంతటితోని ఐపోయిందనుకున్నం. నేను చేతులు కడుక్కోబోతుంటే అడుగున ఇంకొకటి లేస్తుంది. నేను ఉతకకముందు గూడ నా కంటికి ఆనలే అది, అంత వెలిసిపోయి ఉండె. చిన్న అక్షరాలు, నిటారుగ, వేరే చెయ్యి. సాబ్ ఒంగి చదివి, మళ్ళ చదివిండు. చాచా నాకు చెప్పిండు:

"మరక లేకున్నా రా. శనివారం మేము తొందరగ మూసేస్తం."

దాని పక్కన, లెక్కల్ల వేసే ప్లస్ లెక్క, ఒక చిన్న కూడిక, దాని కింద రెండు గీతలు.

"ఇదేం అక్షరం?" అన్నడు చాచా.

"అక్షరం గాదు చాచా. ఇది గుర్తు" అన్న నేను. ఏడు వరుసలను గుర్తులనుకున్న మొనగాణ్ణి, అసలు గుర్తు ఒక్కటి మాత్రం దొరికింది నాకు.

సాబ్ అక్కడే కింద కూసున్నడు, తడి నేల మీద. నానమ్మ చేతితోని మడతపెట్టిన ప్రతి దుప్పటి మూల, ప్రతి తువ్వాల మూల ఈ కూడిక, రెండు గీతలు దారంతోని కుట్టి ఉంటుండెనట. పిల్లలంత అది అలంకారం అనుకున్నరట. "మా నానమ్మ," అని హిందీలనే అన్నడు, నాకు నేరుగ సమజయ్యేటట్టు, "మా నానమ్మ ధోబీ. మాకు ఎవ్వలు చెప్పలే. సిగ్గుపడి దాచిన్రు."

నేను ఏమంటనో నాకే తెల్వకుండ, "నేను గూడ రూమ్‌ల దాచిపెట్టిన సాబ్" అన్న. ఆయన నా నల్లబడ్డ చేతిని పట్టుకొని ఊపిండు. ఆ రోజు మాపటికి రూమ్‌కు పోయి, అన్నం కాడ, "నేను స్టోర్‌ల గాదు, లాండ్రీల పనిజేస్త" అని చెప్పిన. ఒకడు చారు పోసుకుంట, "మాకు మొదటి వారమే ఎర్కే. నీ మడతలు చూస్తే తెల్వదా?" అన్నడు.

గురువారం సాయంత్రం. సగం చొక్కాకు గంజి పెట్టి పలక చేసిన, కాని తెల్లగ లేదు, పలుచటి టీ రంగుంది. ఆ రంగు తియ్యాలంటే అక్షరాలు పోతయ్. సాబ్ వద్దన్నడు. నన్ను, చాచాను గూడ రమ్మని పిలిచిండు. క్లబ్బు వంటింటి తలుపు కాడ నిలబడి చూసినం. మేడం పియానో ముందట కూసుంది, సన్నటి మనిషి, నెరిసిన జుట్టు ముడేసుకుంది. సాబ్ నల్లకోటు మెడదాక గుండీలు పెట్టుకొని వణుక్కుంట వచ్చేసరికే అందరు నవ్వుడు మొదలుపెట్టిన్రు. చారు చరణంకు నవ్విన్రు, ఆవపిండికి నవ్విన్రు, తుప్పుకైతే బల్లలు కొట్టిన్రు. సబ్బులోడి పెండ్లి వస్తదని పాట తెలిసిన ముసలోళ్ళు ముందుకు ఒంగిన్రు. అప్పుడు సాబ్ కోటు గుండీలు విప్పిండు. తాత రాసిన చరణం పాడిండు. 'ఏ ముఖం పెట్టుకొని నీ గడప తొక్కాలె' అన్న కాడ ఆగి, సగం చొక్కా అంచు పైకి మడిచి, లోపల చూసి, నానమ్మ మాట చదివిండు. పాటలెక్క గాదు, మామూలుగ. మేడం దిక్కు చూసుకుంట.

పియానో ఆగిపోయింది.

మేడం ఏదో అన్నది. నేను చాచా మోచెయ్యి పట్టుకున్న. చాచా మెల్లగ చెప్పిండు: "శనివారం నేను ఇక్కడ ఉండను గదా, అంటుంది."

నాకు సచ్చినంత పనైంది. సాబ్ చెవులు కందగడ్డలైనయ్. మేడం చేతులు మళ్ళ పియానో మీద పెట్టింది. తర్వాత పాటను మళ్ళ మొదటికెళ్ళి అందుకుంది, శానా మెల్లగ, నవ్వించేటట్టు గాదు, జోకొట్టినట్టు. ఆఖరిదాక వాయించింది. ఆమె ఏమనుకున్నదో ఆ రోజు ఎవ్వలికీ తెల్వలే. శుక్రవారం విమానమెక్కి పోయింది.

ఎండకాలమంత సాబ్ వారానికి ఏడు చొక్కాలు తెచ్చిండు, ఒక్క మరక లేకుండ. మేము ఏమీ అడగలే. స్కూళ్ళు తెరిచినంక ఒక శనివారం, మధ్యాహ్నం, కౌంటర్ మీద మూట విప్పిన చాచా నన్ను కేకేసిండు. ఏడు చొక్కాల కింద రెండు పూల గౌన్లు, ఒక తెల్ల జాకెట్టు. "రెండు నంబర్లు రాయాల్నా సాబ్?" అని అడిగిండట చాచా. "ఒక్కటే రాయి" అన్నడట. నేను వచ్చేసరికి సాబ్ వెళ్ళిపోయిండు, చీటీ మాత్రం ఉంది. నేనే నా చేతితోని ఆ పది బట్టలకు ఒకటే నంబరు కుట్టిన.

రెండేండ్లకు సెలవు మీద ఇంటికొచ్చిన. పెట్టె విప్పి, పాతబడ్డ చొక్కా మెడపట్టీ తిప్పి, నా పెండ్లాం ముందట పెట్టిన. మూడు చుక్కలు, అడ్డగీత. "ఏమే, ఇప్పుడన్న చెప్పు. ఇంటి బట్టకు గుర్తెందుకు పెట్టినవ్?"

బియ్యం చెరుగుకుంట తలకాయ ఎత్తకుండ అన్నది. "గుర్తు దేనికి పెడ్తం? ఉతికినంక ఎవలిది వాళ్ళకు తిరిగియ్యాలని. ఆ దేశమోళ్ళు నిన్ను ఎన్నేండ్లన్న వాడుకోనీ. మళ్ళ నాకు ఇయ్యాలె గద."

"మరి ఈ మూడు చుక్కలు ఎవలింటి గుర్తు? మన ఊర్ల ఎవలికీ లేదు గద."

"లేదు. నీ కోసమే కొత్తది పెట్టిన" అని చాట దులిపి లోపలికి పోయింది.

ఆ చొక్కాలు ఎప్పుడో చినిగినయ్. మెడపట్టీ ఒక్కటి కోసి దాచుకున్న, ఇప్పటికీ ఉంది. ఎన్ని మరకలో తీసిన ఈ చేతులకు జీడి గుర్తు తీసే మందు మాత్రం తెల్వదు. నేను వెతకలేదు గూడ.